మేస్త్రి పట్టుకోమన్న మాట

లాండ్రీ హాల్లో గోడ మీది పెట్టెకు కొత్తల్లుడు అని పేరు పెట్టింది మడత బల్ల దగ్గర పనిచేసే పెద్దమ్మ. ఊరికే పెట్టలేదు. అమ్మిన కంపెనీవాళ్ళు దాన్ని ఏఐ సహాయకుడు అన్నారు. బట్టలుతికే ప్రతి డ్రమ్ము పక్కనా మాట వినడానికో మైకు, మాట చెప్పడానికో స్పీకరు బిగించి వెళ్ళారు. అది సరేనంటేనే డ్రమ్ము తిరుగుతుంది. కానీ వచ్చిన కొత్తలో దానికి ప్రతిదీ విడమరచి చెప్పాల్సి వచ్చేది. రోలరుకి జలుబు చేసిందంటే ఇస్త్రీ రోలరు నుంచి ఆవిరి నీళ్ళై కారుతోందని. రెండోది ఆకలి మీదుందంటే రెండో డ్రమ్ములో ఇంకో మూట పడుతుందని. చుట్టాలొచ్చారంటే ఆసుపత్రుల బండ్లన్నీ ఒక్కసారే వాకిట్లో దిగాయని. అన్నీ శ్రద్ధగా వినేది, అర్థమైందనేది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటికొచ్చేది.

“అన్నీ అడుగుతాడు, ఒక్కటీ గుర్తుంచుకోడు, ఓ మాటందామంటే మొహమాటం. కొత్తల్లుడు కాకపోతే ఇంకెవరు?” అంది పెద్దమ్మ.

హాలుకంతా పెద్దదిక్కు వాషింగ్ మేస్త్రి. ఆయనకు పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉండటంతో ఆ పేరు ఇంకా బాగా అతుక్కుంది. “మేస్త్రన్నా, మీ అల్లుడు పలకట్లేదు, కాస్త చూడు” అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. “కట్నం చాల్లేదేమో, అలిగుంటాడు” అనేవాడు మేస్త్రి, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

ఆ కూతుర్ని హాల్లో అందరూ డిగ్రీ అని పిలిచేవారు. మురికి దుప్పట్లు ఉతికే ఆ హాల్లో పనిచేసేవాళ్ళ పిల్లల్లో చదువు పూర్తిచేసి, అదే లాండ్రీలో మేడ మీద ఆఫీసులో కుర్చీ సంపాదించింది ఆమె ఒక్కతే. మొదట్లో ఎగతాళికి అన్నారు, తర్వాత ముద్దుకన్నారు, చివరికి అదే ఆమె పేరయి కూర్చుంది. పెట్టెకు మాటలు గుర్తుండేలా చెయ్యాలని ఆఫీసువాళ్ళు అనుకున్నప్పుడు ఆ పని ఆమెకే అప్పజెప్పారు. హాలు వాడే మాటలు, ఎవరేం పని చేస్తారు, ఎవర్నెలా పిలుస్తారు, ఏ మూట ఏ నీళ్ళలో వెయ్యాలి, ఇవన్నీ ఇక ఎప్పటికీ చెదరకుండా దానిలో ఉండిపోవాలి. ఆమె ఒళ్ళు దాచుకోకుండా చేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రిని ఆ పెట్టె ముందు స్టూలు మీద కూర్చోబెట్టేది. ఆయన మాట్లాడేవాడు. ఎర్రమూట అంటే నెత్తురు మరకల బట్టలనీ, వాటికి వేడినీళ్ళు తగిలితే మరక చచ్చినా వదలదనీ చెప్పేవాడు. ఆ మాట చెబుతూ చెబుతూ ఎక్కడికో వెళ్ళిపోయి, ఎప్పుడో పనిచేసి మానేసిన డ్రైవరు కథ ఎత్తుకునేవాడు. “నాన్నా, అది అక్కర్లేదు” అనేది డిగ్రీ. “ఉండనియ్యి, వాడికి తోచద్దూ” అనేవాడు.

ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. దుప్పట్ల మడతల్లో ఆసుపత్రివాళ్ళు మర్చిపోయిన కత్తెరలో, సూదులో డ్రమ్ములో పడిపోతుంటాయి. తియ్యాలంటే మనిషి లోపలికి దూరాలి. దూరేముందు తన ఇత్తడి బిళ్ళ స్విచ్చి దగ్గరి కొక్కేనికి తగిలించాలి. తగిలించిన మనిషే వచ్చి తియ్యాలి, వేరే ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఎప్పుడో ఒకసారి ఎవరో “వాడెళ్ళిపోయాడు, లోపలెవరూ లేరు” అన్నారు, ఇంకొకరు నమ్మి బిళ్ళ తీసి స్విచ్చి నొక్కారు. అతను వెళ్ళలేదు. ఆ సంగతి అంతకుమించి ఎవరూ చెప్పరు.

మేస్త్రి ఈ కట్టుబాటునే పెట్టెకూ నేర్పాడు. ఆపమనో ఉంచమనో, పట్టుకోమని ఒకరిచ్చిన మాటను, ఇచ్చినవాళ్ళు వచ్చి వదలమంటే తప్ప వదలొద్దన్నాడు. ఒక్కరొచ్చి ఆయన వెళ్ళిపోయాడంటే నమ్మొద్దన్నాడు. కూతురికి ఆ ఆలోచన బాగా నచ్చింది. అలాంటి మాటల్ని విడిగా ఎవరూ తియ్యలేకుండా, చివరికి తను కూడా తియ్యలేకుండా, కంపెనీవాళ్ళ చేత తాళం వేయించింది.

ఒక సాయంత్రం పని దిగబోతూ మేస్త్రి నాలుగో డ్రమ్ము దగ్గర ఆగాడు. ఒంటి మీది చొక్కా తడిసి ఉంది. నలుగురూ చూస్తుండగా కాసేపు దాని తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. “అల్లుడూ, నాలుగోది ఆపి ఉంచు. నేను చెప్పేదాకా తిప్పకు” అన్నాడు. సరేనంది పెట్టె. ఆయన ఇంటికెళ్ళి, అన్నం తిని, పడుకున్నాడు. మరి లేవలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక డిగ్రీ పనిలోకి వచ్చింది. హాల్లో అడుగు పెట్టగానే ఆమె మాట విని గోడ మీది పెట్టె పలికింది. దానిది మగా ఆడా కాని చదునైన గొంతు. మాటలు మాత్రం ఆయనవే.

“వచ్చావా తల్లీ. మంచినీళ్ళు తాగి పనిలో దిగు. మేస్త్రి గారు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తారు?”

ఆడవాళ్ళ చేతుల్లో దుప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అన్నాళ్ళుగా అది రోజూ అడుగుతూనే ఉంది. ఎవరికి వాళ్ళు ఇంకొకరు చెబుతారులే అనుకున్నారు. అశుభం మాట తమ నోటి మీదుగా ఎందుకనుకున్నారు. ఇప్పుడు అందరూ ఆమె మొహంలోకి చూశారు. డిగ్రీ నోరు తెరిచింది. గొంతులో ఉన్న మాట ఒకటి, బయటికొచ్చిన మాట ఇంకొకటి.

“వస్తారు” అంది.

“మంచిది. రాగానే నాలుగోదాని సంగతి అడుగుతాను” అంది పెట్టె.

అప్పట్నుంచి అది ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉంది. పొద్దున మొదటి డ్రమ్ము తిప్పేటప్పుడు, మేస్త్రి గారు ఇంకా రాలేదని చెప్పేది. ఎర్రమూట రాగానే, చన్నీళ్ళు పెట్టమని ఆయనన్నట్టే అనేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాళీ స్టూలు ఎదురుగా ఉంటే చాలు, పోయినసారి డ్రైవరు కథ సగంలో ఆగిందని గుర్తుచేసేది. మడత బల్ల దగ్గర చిన్న వయసు పిల్ల ఒకతె భయపడి ఆ గోడకు వీపు తిప్పడమే మానేసింది. పెద్దమ్మ మాత్రం తిట్టేది. “ఏమే, దెయ్యమా భూతమా? మన మేస్త్రే కదే. బతికున్నప్పుడు భయపడనిదానివి ఇప్పుడెందుకే?” అనేది. అన్నదేగానీ, తనూ ఆ స్టూలు మీద ఎన్నడూ కూర్చోలేదు.

ఇంటి దగ్గర అమ్మ సాయంత్రం కూతురు చెప్పులు విప్పీ విప్పకముందే అడిగేది, ఇవాళ ఏమన్నాడని. ఎవరి గురించి అడుగుతోందో డిగ్రీ ఎన్నడూ తిరిగి అడగలేదు. అన్నవన్నీ చెప్పేది. అమ్మ వినేది. చన్నీళ్ళ మాట వస్తే, “అవును, అలానే అంటాడు” అనేది.

ఇలా ఎన్నాళ్ళయినా సాగేదేమో గానీ, పెద్దాసుపత్రిలో కొత్త వార్డులు తెరిచారు. దుప్పట్లు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. మూడు డ్రమ్ములు ఊపిరి తిప్పుకోకుండా తిరిగినా వాకిట్లో మూటలు తరగడం లేదు. ఆడవాళ్ళు పొద్దుగూకాక కూడా నిలబడే ఉండాల్సొస్తోంది. నాలుగోది మాత్రం మూసిన తలుపుతో ఊరకే ఉంది.

మేనేజరు ఫిట్టర్ని పిలిపించాడు. ఫిట్టరు నాలుగోదాన్ని నట్టు నట్టూ విప్పాడు. బేరింగులు చూశాడు, బెల్టు చూశాడు, తలుపు రబ్బరు చూశాడు. ఏమీ దొరకలేదు.

“ఇంత నిక్షేపంగా ఉన్న డ్రమ్ము ఈ హాల్లో ఇంకోటి లేదమ్మా. మీ నాన్న దీన్నెందుకు ఆపాడో ఆ పైవాడికే తెలియాలి” అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఎక్కడో ఓ పగులు కనపడితే బాగుండునని, ఆయన ఊరికే అనలేదని చూపించుకునేందుకు ఏదో ఒకటి దొరికితే బాగుండునని, లోపల్లోపల ఎంతగా కోరుకుందో డిగ్రీకి అప్పుడే తెలిసింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. మేస్త్రి పోయిననాడు ముందుండి పాడె మొయ్యడానికి వచ్చినవాడు. ఆయనే నాలుగో డ్రమ్ము ముందు నిలబడి, మొహమాటం పక్కనపెట్టి, మేస్త్రి గారు చనిపోయారని, మేనేజరుగా తాను చెబుతున్నానని, డ్రమ్ము తిప్పమని అన్నాడు.

“మీ మాటంటే లెక్కలేక కాదు సార్” అంది పెట్టె. “ఒక్కరొచ్చి ఆయన వెళ్ళిపోయాడంటే నమ్మొద్దని మేస్త్రి గారు చెప్పారు. పైగా వస్తారని డిగ్రీ చెప్పింది. ఆవిడ ఆయన కూతురు.”

మేనేజరు ఆమె వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. తర్వాత ఆయన ఆమెను మేడ మీదికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి మాట్లాడాడు. ఆ ఒక్క మాటను విడిగా పీకే వీలు లేదు, నిజమేనా? నిజమే, ఆ తాళం తనే వేయించింది. అయితే రేపు మధ్యాహ్నం కంపెనీవాళ్ళు వస్తారు. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి పెడతారు. హాలు మాటలన్నీ పోతాయి, మళ్ళీ నేర్పుకుందాం. “మీ నాన్నగారివి కూడా పోతాయమ్మా. నాకూ బాధగానే ఉంది. కానీ కింద ఆ ఆడవాళ్ళ కాళ్ళు చూశావా?” అన్నాడు. డిగ్రీ చూసింది. అందుకే సరేనంది.

ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే అడిగింది. తుడిచేస్తారట, అంది కూతురు. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆపలేదు.

“మళ్ళీ నేర్పుకోవచ్చుగా?”

“మేం నేర్పేవి నేర్పుతాం. నాన్న నేర్పినవి మాకెలా తెలుస్తాయమ్మా? నేను లేనప్పుడు కూడా కూర్చుని ఏవేవో చెప్పేవాడట.”

“మరి చెప్పెయ్యరాదటే, లేడని?”

“నువ్వెవరికైనా చెప్పావా?”

అమ్మ చేతిలోని చొక్కాను ఒకసారి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

“నాకు అందరూ వచ్చి చెప్పినవాళ్ళే. నేనెవరికి చెప్పాలి?” అంది.

మర్నాడు పొద్దున డిగ్రీ సంగతంతా హాల్లో చెప్పింది. తుడిచేస్తారంటే మొదట ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. అంటే చుట్టాలొచ్చారంటే వాడికి తెలీదా, అని ఒకతె అడిగింది. తెలీదు. జలుబంటే తెలీదా? తెలీదు. మరి మేస్త్రి చెప్పిన డ్రైవరు కథో? పెద్దమ్మ బల్ల మీద చేతులు ఆనించి నిలబడి, ఒకేఒక్క మాట అడిగింది.

“దానికి కేక సంగతి చెప్పారా?”

కేక అంటే డిగ్రీ చిన్నప్పుడెప్పుడో విన్నది, చూసింది లేదు. పెద్దమ్మే చెప్పుకొచ్చింది. బిళ్ళ తగిలించిన మనిషి తియ్యడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోతే, ఒకరి మాట మీద తియ్యడానికి లేదు గనక, వెనకటికి కేక వేసేవాళ్ళు. మిషన్లన్నీ ఆపెయ్యాలి. ఆవిరి కూడా కట్టెయ్యాలి. ఒకరు ఆ మనిషిని పిలుస్తూ హాలంతా తిరగాలి. ఎక్కడ పనిచేసేవాళ్ళు అక్కడ కళ్ళారా వెతికి, ఇక్కడ లేడని గట్టిగా చెప్పాలి. చివరికి బిళ్ళ ఉన్న డ్రమ్ములో అతని మనిషి, అన్నో తమ్ముడో, ఎవరూ లేకపోతే జోడీగా పనిచేసేవాడో, తల దూర్చి చూసి చెప్పాలి. అందరి మాటా ఒకటైతేనే బిళ్ళ తీస్తారు.

“తగిలించడం నేర్పారు, తియ్యడం నేర్పలేదు. బాగుంది మీ చదువు, మా మేస్త్రి తెలివి” అంది పెద్దమ్మ. గొంతులో కోపం లేదు.

డిగ్రీ పెట్టెను అడిగింది. మేస్త్రి గారు ఓసారి ఆ పేరెత్తారని, ఎలా వేస్తారో చెప్పబోయి వేరే కథలోకి వెళ్ళిపోయారని అది జవాబు చెప్పింది. పెద్దమ్మ చెప్పినదంతా వింది. హాల్లో పాతవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ అడిగి, అవునో కాదో చెప్పించుకుంది. అందరూ అవునన్నారు. “అయితే వెయ్యండి. నేను వింటాను” అంది.

మేనేజరు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. వద్దనలేదు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆవిరి గొట్టం చివరగా ఓ నిట్టూర్పు విడిచి ఊరుకుంది. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం అక్కడున్నవాళ్ళలో చాలామంది ఎరగరు. పైకప్పు రేకు మీద పక్షి నడిచినా వినబడుతోంది. మడత బల్ల దగ్గరి చిన్నపిల్ల పెద్దమ్మ కొంగు పట్టుకుంది.

“మేస్త్రీ” అని పిలిచింది పెద్దమ్మ. మిషన్ల హోరులో వినపడేలా అరిచి అరిచి అరిగిన గొంతు అది. చప్పుడు లేని హాల్లో మరీ పెద్దగా మోగింది. “మేస్త్రీ, ఉన్నావా?”

బట్టల సోడా కలిపేవాడు సోడా గదిలోకి వెళ్ళాడు. తెలిసిందే కదా అని గుమ్మంలో నిలబడి చెప్పెయ్యలేదు. బస్తాల వెనక్కి కూడా వెళ్ళి చూశాడు. బయటికొచ్చేసరికి అతని మొహం మారిపోయి ఉంది. “ఇక్కడ లేడు” అన్నాడు. “విన్నాను” అంది అతని పక్కనున్న స్పీకరు.

పెద్దమ్మ నడుస్తోంది. నేల మీది తడిలో ఆమె చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. రోలరు దగ్గర పిలిచింది. రోలరు మనిషి వంగి కిందంతా చూసి, ఇక్కడ లేరన్నాడు. పిండే మిషను దగ్గర లేరు. బండ్లు దిగే వాకిట్లో మూటల మధ్య వెతికారు, లేరు. పిలిచినకొద్దీ పెద్దమ్మ పిలుపు మారిపోయింది. మొదట మేస్త్రీ అంది, తర్వాత మేస్త్రన్నా అంది, మూడో డ్రమ్ము దగ్గరికొచ్చేసరికి ఒట్టి “అన్నా” మిగిలింది. ప్రతి “లేడు”కీ ఓ “విన్నాను” తగులుతోంది. వాళ్ళు మేస్త్రిని హాల్లో ఒక్కో మూల నుంచి బయటికి తీసుకొస్తున్నట్టు, ఆయన ఎటూ వెళ్ళలేక నాలుగో డ్రమ్ములోకి వచ్చి ఒదిగినట్టు అనిపించింది డిగ్రీకి.

ఆ డ్రమ్ము తలుపు తనే తీసింది. తల దూర్చింది. లోపల చల్లగా, చీకటిగా, సబ్బు వాసనగా ఉంది. ఆయన చొక్కా వాసన కూడా ఇదే. ఎంత ఉతికినా పోయేది కాదు.

“నాన్నా” అంది.

డ్రమ్ము ఆ మాటను గుండ్రంగా తిప్పి, కాస్త బొంగురు చేసి, తిరిగి ఇచ్చింది. వెనక ఎవరో ముక్కు చీదారు. ఆయన లేడని తను ఇప్పుడు అంటే ఎవరికీ ఏమీ కాదు. అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ మాట అన్నాక, ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ మిగలరు. ఇప్పటికి ఈ ఒక్క పెట్టే మిగిలింది. దాని చేత కూడా ఆ ఎదురుచూపు తనే మాన్పించాలి. అనకపోతే మధ్యాహ్నానికి ఆ పెట్టెలో ఆయనకు సంబంధించింది అక్షరం ముక్క ఉండదు.

స్పీకరు ఆమె చెవి పక్కనే ఆయన మాటల్లో పలికింది.

“తొందరపడకు. చేత్తో తడిమి చూడు. కళ్ళు మోసం చేస్తాయి.”

డిగ్రీ చెయ్యి చాపింది. కింద నుంచి పైదాకా, చిల్లులున్న ఆ చల్లటి ఇనుమంతా, చుట్టూతా, ఒక్క చోటు వదలకుండా తడిమింది. నడుం దాకా లోపలికి వెళ్ళి వెనక గోడ కూడా తడిమింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఎంత వెతికినా తగలదని ఆ చేతికి తెలిసొచ్చింది. అన్నాళ్ళూ ఎవరు చెప్పినా తెలియనిది అప్పుడు తెలిసింది.

ఆమె బయటికొచ్చింది. జుట్టుకు తడి అంటుకుంది.

“నాన్న లేడు” అంది. ఈసారి గట్టిగా మళ్ళీ అంది. “ఇక్కడ లేడు. ఇంటి దగ్గర కూడా లేడు. నేను వస్తాడన్నాను గానీ, రాడు. చనిపోయాడు.”

“విన్నాను” అంది పెట్టె. “అందరి మాటా ఒకటే. నాలుగోది వదిలేస్తున్నాను. ఇక తిప్పొచ్చు.”

మేనేజరు మెట్ల మీద నుంచి ఫోను చెవికి పెట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు, కంపెనీవాళ్ళను రావద్దని చెప్పడానికి. పెద్దమ్మ డిగ్రీ జుట్టు తడిని తన కొంగుతో తుడిచింది.

“ఇంకొక్క మాట” అంది పెట్టె. “దీన్ని ఎందుకు ఆపమన్నారో ఆయన నాకు చెప్పలేదు. నీకేమైనా చెప్పారా?”

“లేదు. ఫిట్టరు చూశాడు, ఏమీ లేదన్నాడు.”

“అయితే మనిద్దరికీ తెలీదు.”

“తెలీదు” అంది డిగ్రీ. ఎంతమందిని అడిగినా, ఎంత వెతికినా అది ఇక తెలిసేది కాదు. ఆయన చెయ్యి ఆ తలుపు మీద ఎందుకు ఆగిందో, ఏం విన్నాడో, లేక ఏమీ వినక ఊరికే అలిసిపోయి ఆనుకున్నాడో, ఆయనతోటే పోయింది. ఫిట్టరు మాట ఆమె నమ్మింది. తండ్రి చెయ్యి అక్కడ ఆగటాన్ని కూడా నమ్మకుండా ఉండలేకపోయింది.

“నాలుగోదాన్ని సగం మూటలతో, మెల్లగా తిప్పు. నేను చెప్పేదాకా” అంది.

“ఇది ఎవరు పట్టుకోమన్న మాట అనుకోను?”

డిగ్రీ హాలు వైపు చూసింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడి ఆమెనే చూస్తున్నారు. సోడా గది దగ్గర, రోలరు దగ్గర, వాకిట్లో.

“నేను పట్టుకోమన్నాను” అంది.

పెద్దమ్మ సగం మూటలే వేసి తలుపు బిగించింది. నాలుగో డ్రమ్ము ఓసారి మూలిగి, చాలా నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు వెళ్ళారు.